మీసాలు దాటిన బర్రె

వేములదిన్నెకు మీసాలు మొలిచింది శ్రావణమాసంలో. ఊరికి తూర్పున రైసుమిల్లు గోడ మీద ఒకటి, పడమట ఎరువుల కొట్టు గోడ మీద ఒకటి. ఒక్కోటీ రెండు నిలువుల ఎత్తు, నీలం రంగు. పహిల్వాను మీసాన్ని ఊడబెరికి నిలువునా గోడకు అతికించినట్టు మధ్యలో ముక్కు పొడుచుకొచ్చి, పైనా కిందా కొసలు ఊళ్ళోకి వంగి ఉన్నాయి. కొత్త పార్టీ గుర్తేమోనని కొందరు, ఏదో సబ్బు ప్రకటనేమోనని కొందరు అనుకున్నారు. వెంగమ్మ అనుకోవడం దగ్గర ఆగలేదు, తిట్టింది. ఎరువుల కొట్టు గోడ మీద ఆమె ఆరేళ్ళుగా పిడకలు కొడుతోంది. ఆ పిడకలన్నీ గీకించి మరీ మీసం గీశారు.

ఆ వారమే ఊళ్ళో సభ పెట్టారు. మండలానికి ప్రత్యేకాధికారిగా వచ్చిన సర్వోత్తమరావుగారు స్వయంగా వచ్చాడు. అంతకుముందు ఆయన్ని పదిరోజులు విశాఖపట్నంలో, కిటికీ తీస్తే సముద్రం కనబడే హోటల్లో శిక్షణకు పంపారు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అని, కంప్యూటరుకు పని చెప్పే విద్య. వెళ్ళినవాళ్ళు నలభైమంది. ముప్ఫైతొమ్మిది మంది సముద్రం చూసి తిరిగొచ్చారు. ఈయనొక్కడూ పాఠం విన్నాడు. చిక్కంతా అక్కడ పుట్టింది.

"కంప్యూటరులో గందరగోళం లేదు, గ్రామాల్లో ఉంది. కారణమేమి?" అని ఆయన మైకులో అడిగి, ఎవరూ చెప్పకపోయేసరికి తానే చెప్పాడు. "కంప్యూటరులో ప్రతి వేరియబుల్‌కూ ఒక రకం, ఒక పరిధి నిర్ణయించబడి ఉండును. వేరియబుల్ అనగా డబ్బా అనుకొనుడు. ఆ డబ్బాలో ఏ సరుకు పోయుదుమో ముందుగానే ప్రకటించవలెను. అది ఏ గదిలో చెల్లునో అదియును ప్రకటించవలెను. కందిపప్పు డబ్బాలో కారం పోయరాదు. వంటింటి డబ్బా వసారాలో కనబడరాదు."

"మా ఇంట్లో కాఫీపొడి డబ్బాలో జీలకర్ర ఉంటది సారూ," అంది వెంగమ్మ ముందు వరసలోంచి. "జీలకర్ర డబ్బాలో ఆధారుకార్డులు ఉంటయ్యి. ఏనాడూ తడుముకోలా."

"అదియే గందరగోళమునకు మూలము," అని సర్వోత్తమరావుగారు ఆమె మాటను ఉదాహరణ కింద రాయించాడు.

గోడల మీదవి మీసాలు కావనీ, బ్రాకెట్లనీ అప్పుడే తెలిసింది. ఊరు మొదలైనచోట బ్రాకెట్ తెరుస్తారు, అయిపోయినచోట మూస్తారు. ఈ రెంటి మధ్య ప్రకటించింది ఏదైనా ఈ రెంటి మధ్యనే చెల్లుతుంది. దాన్ని లోకల్ అంటారు. బ్రాకెట్ దాటిందంటే అది లేనట్టే. మండలమంతటికీ ఒక్కటే ఉండేది స్టాటిక్. అందరికీ అందేది పబ్లిక్. తన గదిలో తప్ప బయటివాళ్ళకు కనబడనిది ప్రైవేటు. పెద్ద బ్రాకెట్ల లోపల చిన్న బ్రాకెట్లు ఉండొచ్చు. అప్పుడు లోపలి గదిలో ఉన్నవాడికి బయటి వసారా కనిపిస్తుంది, వసారాలో ఉన్నవాడికి లోపలి గది కనిపించదు. ఇదంతా ఆయన చీపురుపుల్ల పట్టుకుని తెర మీద చూపించాడు. ప్రకటించకుండా ఏ వస్తువునూ వాడరాదని ముగించి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి ప్రకటనలు మొదలయ్యాయి. మనుషులకు పనులుంటాయి గనుక పబ్లిక్ అన్నారు, ఉద్యోగులకు మాత్రం డ్యూటీలో ఉన్నంతసేపు ఎవరి గేటు వాళ్ళకే పరిధి అన్నారు. పశువులను లోకల్ చేసి చెవికి పసుపు బిళ్ళ వేశారు. వెంగమ్మ పడ్డ వంతు వచ్చింది. పడ్డ అంటే ఇంకా ఈనని బర్రె. నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములు కొడవళ్ళలా తిరిగి, అప్పటికి ఏడోనెల చూడి. వెంగమ్మ దాన్ని దూడప్పుడు కొని, గంజి తాగించి పెంచింది. ఆమెకూ ఆమె మొగుడు మాలకొండయ్యకూ ఉన్న ఆస్తి అదొక్కటే. ఈనితే ఇంట్లో పాడి, లేకపోతే మళ్ళీ మిరపకోతలకు వలస.

"రకం పడ్డ," అన్నాడు రాసుకునే కుర్రగుమాస్తా.

"చూడిదయ్యా. కార్తీకంలో ఈనిద్ది. అప్పుడు బర్రె అయిద్ది. బర్రె అని రాయి."

"చూడి అనేది స్థితమ్మా. రకం కాదు. ఒకసారి రకం రాశాక మారదు."

"మారదా? నిన్ను పుట్టినప్పుడు ఏమని రాశారు నాయనా?"

గుమాస్తా పడ్డ అనే రాశాడు.

ఆ తర్వాత మూడు నెలలు మండలం క్రమశిక్షణతో వర్ధిల్లింది. పాల కేంద్రంలో పాలను పూర్ణసంఖ్యగా ప్రకటించారు. పూర్ణసంఖ్య డబ్బాలో ముక్కలు పట్టవు. మూడున్నర లీటర్లు తెస్తే మూడే ఉన్నట్టు. ఆ అర లీటరు ఎటుపోయిందని అడిగితే, గణితం ప్రకారం అది రాలిపోయిందని కేంద్రం గుమాస్తా చెప్పేవాడు. రాలినచోట ఆయన భార్య చెంబు పట్టుకుని కూర్చునేది. మేలుజాతి ఆబోతును స్టాటిక్ చేశారు. పద్నాలుగు ఊళ్ళకూ కలిపి ఒక్కటే. మొదటివారం అది హుషారుగా తిరిగింది. రెండోవారానికి ఆడవాసన తగిలితే చాలు, పడుకుని లేవడం మానేసింది. ఇక బ్రహ్మయ్య తాత గోడు వేరు. తాత పేరే మనవడికి పెట్టారు. ఒకే పేరుతో లోపల ఒకటి, బయట ఒకటి ఉంటే లోపలిది బయటిదాన్ని కప్పేస్తుందట. మనవడు ఇంట్లో ఉన్నంతసేపూ తాతకు రేషను బియ్యం ఇవ్వలేదు. పిల్లాడు బడికి పోయాక రమ్మన్నారు. వాడేమో బడి ఎగ్గొట్టే రకం.

అందరికన్నా తెలివైన ప్రకటన సర్వోత్తమరావుగారిది. ఆయన తనను తాను ప్రైవేటుగా ప్రకటించుకున్నాడు. పరిధి ఆఫీసు గది. అర్జీదారులు ఎవరూ నేరుగా అందుకోవడానికి వీల్లేదు. ఆయనతో పని ఉంటే అటెండరు జయరాజుకు చెప్పాలి. జయరాజు లోపలికి వెళ్ళి జవాబు తెస్తాడు. అలా తెచ్చేవాణ్ణి ఆ భాషలో గెటర్ అంటారట. జయరాజు చొక్కాకు ఆ పేరుతో బిళ్ళ కూడా కుట్టించారు.

కార్తీకంలో ఒక సోమవారం, తెల్లారాక, వెంగమ్మ పడ్డకు నొప్పులు పట్టుకున్నాయి. ఉమ్మనీటి సంచి పగిలింది. గంట గడిచింది. ఒక్క గిట్ట బయటికొచ్చింది, రెండోది రాలేదు. మాలకొండయ్య చెయ్యి పెట్టబోయి భయపడ్డాడు. మైలుదూరంలో రాళ్ళవాగులో, ఏ ఊరి మీసాల మధ్యా పడనిచోట, పశువుల ఆసుపత్రి ఉంది. నలుగురూ పట్టి పడ్డను ట్రాలీ ఆటో ఎక్కించారు. ఎరువుల కొట్టు దాటేటప్పుడు వెంగమ్మ మీసం వంక చూడను కూడా చూడలేదు.

ఆసుపత్రీ మండలాఫీసూ ఒకే ప్రహరీలో ఉంటాయి. వాటి మధ్య చిన్న కంచె. ఆసుపత్రి గేటు స్తంభాలకు రెండు చిన్న నీలం మీసాలున్నాయి. వాటి మధ్య కంపౌండరు నాగూర్ వలీ స్టూలేసుకుని కూర్చున్నాడు. మూడు నెలలుగా ఆసుపత్రికి ఒక్క పశువూ రాలేదు. అందువల్ల మండలంలో పశురోగాలు పూర్తిగా తగ్గిపోయాయని నివేదిక వెళ్ళింది. మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది.

"నాగూరన్నా, గేటు తియ్యి. దూడ అడ్డం తిరిగింది."

నాగూర్ వలీ ట్రాలీలోకి తొంగి చూశాడు. చెవి బిళ్ళ నంబరు ట్యాబులో కొట్టాడు.

"ఇది పడ్డని ఉందక్కా. పడ్డ ఈనదు."

"ఈనకపోతే ఆ వెనక వేళ్ళాడేది ఏంది, తోరణమా?"

"అది సరేలే. ఇంకో చిక్కుంది. ఇది మీ ఊరి మీసాల మధ్యది. మీ ఎరువుల కొట్టు దాటినాక ఇది లేదు. ఇదిగో చూడు, ట్యాబులో కూడా లేదనే వస్తా ఉంది."

పడ్డ నొప్పికి బొబ్బరించింది. వీధి చివర కుక్కలు లేచాయి.

"లేనిదానికి గొంతు బానే ఉంది," అన్నాడు మాలకొండయ్య. పొద్దుటినుంచి అతను మాట్లాడింది అదే.

కేకలు విని డాక్టరమ్మ ప్రత్యూష గబగబా వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. గేటు లోపల, మీసం గీత దగ్గర కాళ్ళు కట్టేసినట్టు ఆగిపోయింది.

"ఆమెనైనా బయటికి రమ్మను," అంది వెంగమ్మ.

"ఆమె పరిధి ఈ గేటు వరకే అక్కా. దాటితే ఆమె డాక్టరు కాదు. పోయిన నెల టీ తాగడానికి దాటింది. ఆ కాసేపు ఆసుపత్రి ఖాళీ అని ఛార్జిమెమో ఇచ్చారు."

"అంటే ఇది లోపలికి పోతే బర్రె కాదు, ఆమె బయటికొస్తే డాక్టరు కాదు. ఇద్దరూ ఉండే చోటు యాడుంది?"

నాగూర్ వలీ ఆలోచించాడు. "లేదక్కా," అని ఒప్పుకున్నాడు.

డాక్టరమ్మ గీత అవతలినుంచే మెడ సాచి చూసింది. "ముందుకాలు మడతపడింది. లోపలికి తోసి సరిచెయ్యాలి. అరగంట దాటితే దూడ దక్కదు. తల్లి కూడా అనుమానమే," అంది.

వెంగమ్మ కంచె దగ్గరికి పరుగెత్తి జయరాజును కేకేసింది. గెటర్ వచ్చాడు, విన్నాడు, లోపలికి వెళ్ళాడు, ఐదు నిమిషాలకు కాగితంతో వచ్చి చదివాడు.

"ఒరిజినల్ కదలరాదు. అయితే దాని విలువను కాపీ చేసి పంపవచ్చును. దీనిని పాస్ బై వాల్యూ అందురు."

"అర్థమయ్యేట్టు చెప్పు నాయనా."

"జిరాక్సు," అన్నాడు జయరాజు.

నాగూర్ వలీ ఫోనులో పడ్డ ఫోటో తీశాడు. ఆఫీసు మిషను మీద అచ్చయి వచ్చింది. డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని చూసింది.

"ఇది తల. నాకు కావలసింది వెనకవైపు."

వెనకవైపు కూడా జిరాక్సు తీశారు. దాంతోపాటు లోపలినుంచి మరో చీటీ వచ్చింది. కాపీకి చేసిన మార్పులు ఒరిజినల్‌కు వర్తించవు, కావున డాక్టరు నిర్భయముగా చికిత్స చేయవచ్చును అని అందులో ఉంది.

డాక్టరమ్మ కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "నేను చదివిన కాలేజీలో కాగితంలోకి చెయ్యి పెట్టడం నేర్పలేదు," అంది మెల్లగా.

పదినిమిషాలు పోయాయి. పడ్డ ట్రాలీలో కూలబడి మెడ చాపేసింది. వెంగమ్మ దాని నుదురు మీద చెయ్యేసింది. చల్లగా ఉంది. ఏడిస్తే తెలివి పోతుందని కళ్ళు తుడుచుకుంది. గేటు వంక చూసింది. ఆసుపత్రి మీసాలు చూసింది. తమ ఊరు ఉన్న తూర్పు దిక్కు చూసింది.

"అన్నా, పెద్ద మీసాల లోపల చిన్న మీసాలు ఉంటే, లోపల ఉన్నోళ్ళకి బయటిది కనపడుద్దన్నాడు గదా మీ సారు?"

"అన్నాడు. పుస్తకంలో కూడా ఉంది."

"ఈ ఆసుపత్రి మా ఊరి మీసాల లోపల ఉంటే, డాక్టరమ్మకి నా పడ్డ కనపడుద్దా?"

"కనపడాలి మరి. కానీ మీ ఊరు ఎరువుల కొట్టు దగ్గరే అయిపోయింది గదా."

"ఎవరు చెప్పారు అయిపోయిందని?"

"మీసం మూశారుగా."

"ఆ మీసం అక్కడే మూయాలని యాడన్నా రాసుందా?"

నాగూర్ వలీ స్టూలు కిందనుంచి నియమావళి తీశాడు. వేలు పెట్టి వెతికాడు. అతని మొహంలో మూడు నెలలుగా లేని వెలుగొచ్చింది. "తెరచిన ప్రతి బ్రాకెట్‌ను మూయవలెను. ఇంతే ఉందక్కా. ఎక్కడ అనేది రాయలా."

వెంగమ్మ ఊళ్ళో తోడికోడలు సుబ్బులుకు ఫోను చేసింది.

"సుబ్బులూ, పేడ ఉందా?"

"గంపెడుంది. పడ్డ ఈనిందా అక్కా?"

"ఇంకా లేదు. ఎరువుల కొట్టు గోడ మీద మీసం ఉందే, దాని మీద పిడకలు కొట్టు. ఇప్పుడే. నీలం చుక్క కనపడగూడదు."

"వాళ్ళు జరిమానా అంటారేమో అక్కా."

"మన గోడ మనకి తిరిగిచ్చారని చెప్పు."

"అట్టా అయితే మన పిడకలు గీకించిన బాకీ కూడా తీర్చుకుంటా," అని సుబ్బులు ఫోను పెట్టేసింది.

స్టూలు పక్కన, గేటు ముందు చల్లే సున్నపునీళ్ళ బొక్కెన ఉంది. నాగూర్ వలీ దాన్ని చూడనట్టు కాలితో ఇవతలికి జరిపాడు. వెంగమ్మ చీర కుచ్చెళ్ళు దోపి, బొక్కెన పట్టుకుని ప్రహరీ వెంట పరుగెత్తింది. ఆసుపత్రి దాటింది. మండలాఫీసూ దాటింది. అవతలి చివర గోడ ఖాళీగా ఉంది. ముప్ఫైయేళ్ళుగా వాకిట్లో ముగ్గులేసిన చెయ్యి. పైన ఒక మెలిక, మధ్యలో ముక్కు, కింద ఒక మెలిక. రెండే ఊపుల్లో తెల్లటి మీసం నిలబడింది. ప్రభుత్వం గీయించిన నీలం మీసం కంటే ఇదే అందంగా ఉందని తర్వాత అందరూ అన్నారు.

అంతటితో వేములదిన్నె మైలుకు పైగా పెరిగింది. ఆసుపత్రి అందులో పడింది. మధ్యలో ఉండిపోయిన పాపానికి మండలాఫీసూ పడింది.

సుబ్బులు ఫోనుకు ఫోటో పంపింది. గోడ నిండా పిడకలు, వేళ్ళ అచ్చులతో సహా. నాగూర్ వలీ ఆ ఫోటోనూ సున్నం మీసాన్నీ మార్చి మార్చి చూసి, ట్యాబులో ఊరి హద్దు సరిచేశాడు. పడ్డ నంబరు కొట్టాడు. ఈసారి ఉందని వచ్చింది.

"రకం మాత్రం పడ్డనే అంటా ఉంది డాక్టరమ్మా. ఈనడం కుదరదంటది."

"కడుపునొప్పి అని రాయండి. పడ్డకు కడుపునొప్పి రావచ్చు కదా," అంది డాక్టరమ్మ చేతులకు నూనె రాసుకుంటూ.

ట్రాలీ గేటు దాటుతుండగా ఆఫీసు తలుపు భళ్ళున తెరుచుకుంది. సర్వోత్తమరావుగారు కిటికీలోంచి చూసినట్టున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు.

"ఆపండి. ఎవరి అనుమతితో బ్రాకెట్ స్థానభ్రంశం కావించబడినది?"

నాగూర్ వలీ ఆయన భుజం మీదుగా దూరంగా ఉన్న కరెంటు స్తంభం వంక చూశాడు.

"అక్కా, ఏదో గొంతు వినపడతా ఉంది. మనిషి మాత్రం కనపట్టంలా."

"నేనే వలీ. సర్వోత్తమరావును."

నాగూర్ వలీ ట్యాబు తీసి పైకే చదివాడు. "సర్వోత్తమరావుగారు. ప్రైవేటు. పరిధి ఆఫీసు గది. బయట ఎవరికీ కనబడరు." మళ్ళీ ట్యాబు మూశాడు. "సారు పేరు చెప్పుకుని ఎవరో తిరుగుతున్నారు జయరాజూ. జాగ్రత్త."

జయరాజు ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గెటర్ ధర్మం తప్పని మనిషి. "సారు లోపలే ఉంటారు. బయటికొచ్చినట్టు నా దగ్గర రికార్డు లేదు," అన్నాడు.

సర్వోత్తమరావుగారు లెక్క చూసుకున్నాడు. కనబడతానని వాదిస్తే తన నియమం తప్పు. కనబడనని ఒప్పుకుంటే తన ఆజ్ఞ చెల్లదు. ఆయన పాఠం విన్న మనిషి గనుక రెండోదే సరైనదని ఆయనకే తెలుసు. కాళ్ళకు గుచ్చుకుంటున్న కంకర మీద మెల్లగా వెనక్కి నడిచి, గదిలోకి వెళ్ళి, కనబడి, జయరాజు ద్వారా ఆజ్ఞ జారీచేయడానికి మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టమన్నాడు.

ఈలోగా డాక్టరమ్మ భుజం దాకా చెయ్యి పెట్టింది. మాలకొండయ్య పడ్డ తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. నాగూర్ వలీ తాడు అందించాడు. "తోస్తా ఉండు తల్లీ," అని వెంగమ్మ పడ్డతో అందో డాక్టరమ్మతో అందో తెలియదు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని లోపల వెతికింది. మోకాలు దొరికింది. నొప్పి తగ్గినప్పుడు వెనక్కి తోసింది. గిట్టను అరచేత్తో కప్పి ముందుకు లాగింది. రెండు గిట్టలూ పక్కపక్కన కనిపించాయి. వాటి మీద నాలుక బయటికి వేలాడేసిన మూతి. ముగ్గురూ కలిసి లాగారు. నల్లటి తడి మూట ఒకటి జారి గోనెసంచి మీద పడింది.

కదల్లేదు. డాక్టరమ్మ మూతిలోని జిగురు వేళ్ళతో తీసింది. వెంగమ్మ గడ్డిపోచ ముక్కులో పెట్టింది. తర్వాత దూడ తుమ్మింది. పెయ్యదూడ. తల్లి మెడ ఎత్తి, వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ గోడకు చేరగిలబడి తన చేతులు తానే చూసుకుంది. మూడు నెలల తర్వాత వాటికి పని దొరికింది.

మధ్యాహ్నానికి తల్లి లేచి నిలబడింది. దూడ నాలుగుసార్లు పడి, అయిదోసారికి పొదుగు దొరకబుచ్చుకుంది. దాన్ని మాలకొండయ్య భుజాన వేసుకుని ట్రాలీ దగ్గరికి నడుస్తుంటే కంచె దగ్గర జయరాజు మూడు కాగితాలతో ఎదురయ్యాడు. చదవడానికి అతనికే మొహమాటంగా ఉంది.

"ఆసుపత్రి అనేది ఒక మెథడ్ అట, పిండిమర లాంటిది. మెథడ్‌లోకి ఎన్ని పోయినా, బయటికి తిరిగి వచ్చేది ఒకటే అయి ఉండాలంట. పొద్దున లోపలికి పోయింది ఒక పడ్డ. ఇప్పుడు రెండు బయటికి పోతా ఉన్నాయి. రెండోదాన్ని ఎవరూ ప్రకటించలేదు. రకం లేదు, పరిధి లేదు. కాబట్టి గేటు దాటించడానికి వీల్లేదని ఆర్డరు."

వెంగమ్మ ఆ కాగితాలు తీసుకుంది. వాటితో దూడ మూతికి అంటిన జున్నుపాలు తుడిచి, మళ్ళీ జయరాజు చేతిలో పెట్టింది.

"మీ సారుకి చెప్పు నాయనా. ఒకటే పోవాలంటే, వచ్చి దీన్ని మళ్ళీ లోపల పెట్టమను. నేను తోక పట్టుకుంటా."

జయరాజు లోపలికి వెళ్ళాడు. జవాబు వచ్చేలోగా నాగూర్ వలీ స్టూలు పక్కకు లాగి, గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు.